రెండు మంచాల గది

"అక్కా, ఆడికి పోయినాక నువ్వు యాడుంటావు?" అని అడిగాడు దేవేంద్ర.

నా భర్త నాగేశ్వర స్టాక్‌హోంలో పడిపోయి అప్పటికి మూడు రోజులు. ధర్మవరంలో దేవేంద్ర జిరాక్స్ అంగట్లో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చొని వీసా కాగితాలకు జవాబులు చెబుతున్నాను. నేను తెలుగులో చెబుతుంటే అతను ఇంగ్లీషులో కొడుతున్నాడు. పేరు జ్యోతిలక్ష్మి. పని మగ్గం. పుట్టిన తేదీ ఆధార్ కార్డులో ఏది ఉంటే అది. ఎక్కడ ఉంటావన్న దానికి నాకు ఆలోచించే పని కూడా కనిపించలేదు.

"ఆస్పత్రిలోనే. ఆయప్ప దగ్గరే."

"ఆస్పత్రిలో ఎట్లుంటావక్కా? అది ఫారిన్."

"ఫారిన్ అయితే? మీ నాయనకు కడుపు కోసినప్పుడు అనంతపురంలో మీ అమ్మ యాడుండింది?"

దేవేంద్ర నవ్వాడు. "వరండాలో. సాప పరుసుకోని పదైదు దినాలు. ఒగ దినం కుక్కొచ్చి అమ్మ టిపను ఎత్తుకపోయింది."

"మరి? నేనూ సాప తీసుకపోతా."

బస చేసే చోటు అన్న గడిలో అతను ఆస్పత్రి పేరు ఎక్కించి, కాగితాలు తీసి నా చేతికిచ్చాడు. మా దగ్గర మనిషి ఆస్పత్రిలో పడితే పక్కన ఇంటి మనిషి ఒకరు ఉంటారు. వాళ్లకు వేరే గది కావాలని ఎవరికీ తోచదు. తోచినా తీసుకోరు. మొగుడు ఆస్పత్రిలో పడుంటే పెండ్లాం లాడ్జిలో పడుకుందంట అన్న మాట చచ్చేదాకా పోదు.

ఆయన అంత దూరం పోయింది మగ్గం నేసి చూపించడానికి. దేశదేశాల చేతిపనులవాళ్లను పిలిపించి ప్రదర్శన పెట్టే సంస్థ ఒకటి మమ్మల్ని పిలిచింది. మొదట పిలిచింది ఇద్దరినీ. పట్టుచీరకు నడిమి ఒడలు ఒక రంగు, అంచు ఇంకో రంగు వేసి నేయాలంటే మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. ఒడలుకు దారం తోసే నాడె ఆయనది, అంచు నాడె నాది. ఇరవై ఆరేళ్లు ఆయన కుడిపక్కన కూర్చొని నేశాను. మాకు పిల్లలు లేరు. ఇద్దరికీ పాస్‌పోర్టులు వచ్చాయి. వీసాకు పోవాల్సిన వారంలోనే మా అత్త ఆంజినమ్మ స్నానం చేసే బచ్చలిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆమెను చూసుకోవడానికి నేను ఆగిపోయాను. ఆయన ఒంటరిగా నేయగలిగిన ఒకే రంగు చీర సిద్ధం చేసుకొని పోయాడు.

చేరిన రోజు సాయంత్రం ఫోనులో ఊరు చూపించాడు. కిటికీలోంచి ఎటు తిప్పినా నీళ్లు.

"ఊరంతా నీళ్లే జోతీ. మన కాడ కురవని వానంతా ఈడికొచ్చి పండుకోనుండాది."

తర్వాత గది చూపించాడు. చిన్న గది, రెండు మంచాలు, తెల్లటి దుప్పట్లు. ఇద్దరం వస్తామని ముందే తీసిపెట్టిన గది. ఒక్కడే వచ్చాడని వాళ్లు మార్చలేదు.

"తలుపు పక్కది నాది. కిటికీ పక్కది నీది. దానిమీద నేను సంచి గూడ పెట్టలే."

"పెట్టుకోప్పా. ఎవురు చూస్తారు?"

"ఊహూఁ. నీది నీదే" అన్నాడు. "మా అమ్మను దినానికి రెండుతూర్లు పక్కకు తిప్పుతాండావా? మరిసిపోయేవు."

ఐదో రోజు అక్కడి మగ్గం మీదే, చూసే జనం ముందే, పక్కకు ఒరిగిపోయాడు. తలలో నరం చిట్లింది.

బెంగళూరుకు నాతో మా బావ శ్రీరంగప్ప వచ్చాడు. ఆయన నా భర్తకు అన్న. తెల్లవారు రైలుకు పోయి, చెప్పిన టైముకు గంట ముందే వీసా ఆఫీసు ముందు నిలబడ్డాం. కౌంటరులో ఉన్న అమ్మాయి కాగితాలన్నీ తిరగేసి ఒకచోట వేలు పెట్టింది.

"ఇది ఆస్పత్రి అడ్రసు కదమ్మా. మీరు ఉండేదెక్కడ?"

"ఆడే."

"ఆస్పత్రిని బస కింద ఒప్పుకోరు. హోటలో, ఎవరి ఇల్లో చూపించాలి. బుక్ చేసిన కాగితం కావాలి."

"మా ఆయన ఊపిరి ఆడకుండా ఉండాడమ్మా."

ఆ అమ్మాయి చెడ్డది కాదు. లోపలికి పోయి ఎవరినో అడిగి వచ్చింది. అయినా కాగితాలు తిప్పి ఇచ్చింది. మళ్లీ టైము ఐదు రోజుల తర్వాతే దొరికింది.

బయటికి వచ్చి బావ దేవేంద్రకు ఫోను చేసి, రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూసేలా తిట్టాడు. "ఆయమ్మకు తెలీదు. సదువుకున్నోడివి నీకు తెలీదా? ఆస్పత్రి వరండాలో సాప అని రాసిస్తావా? నీ అంగడికి నిప్పు పెట్ట!" రైలులో నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. తప్పు దేవేంద్రది కాదు. నా నోటి నుంచి వచ్చిన మాటకు ఐదు రోజులు పోయాయి. ఆ ఐదు రోజుల్లో ఆయనకేమన్నా అయితే నేను బతికి ఏం లాభం అనుకుంటూ ఇల్లు చేరాను.

మరుసటి సాయంత్రం ప్రణీత్ ఫోను చేశాడు. ప్రణీత్‌ది తాడిపత్రి. స్టాక్‌హోంలో కంప్యూటరు ఉద్యోగం. ప్రదర్శనవాళ్లు భాష కోసం అతన్ని వెతికి పట్టుకున్నారు. ఆఫీసు అయ్యాక రోజూ ఆస్పత్రికి పోయి చూసి, నాకు చెప్పేవాడు. ఆ సమయానికి నేను అత్తను పక్కకు తిప్పి వీపుకు కొబ్బరినూనె రాస్తున్నాను. చేతులు నూనెగా ఉన్నాయని ఫోను స్పీకరులో పెట్టి మంచం కోడు పక్కన ఉంచాను.

"అమ్మా, డాక్టరు నా పక్కనే ఉన్నారు. ఆమె చెప్పింది చెప్పినట్టు చెబుతాను. మీరు గట్టిగా ఉండాలి."

"చెప్పు నాయనా."

"ఆయనకు మెదడు చాలామటుకు పోయిందమ్మా. ఊపిరి మిషనే తీస్తోంది. ఇంక లేవరు. మామూలుగా అయితే ఇన్ని రోజులు ఉంచరంట. మీరొస్తున్నారని చెప్పాను. మీరొచ్చి చూసుకునేదాకా ఉంచుతామన్నారు."

"చూసుకున్నాక?"



"ఆపేస్తారమ్మా."

"నేను రాకుంటే?"

"మీరొస్తున్నారు కదమ్మా" అన్నాడు ప్రణీత్. నేను అడిగింది అతనికి అందలేదు.

ఫోను పెట్టేశాక అత్త వీపు మీద నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. నేరేడు రంగు ఒడలు, పసుపు అంచు. ఆయన వచ్చాక ఇద్దరం పూర్తి చేయాలని గుడ్డ కప్పి ఉంచాం. దానివైపు చూస్తూ కూర్చున్నాను. నిన్న రైలులో నేను ఏడ్చింది దేనికి? కౌంటరులో ఆ అమ్మాయి తిప్పి ఇచ్చిన కాగితాలు ఆయనకు ఐదు రోజుల ఊపిరి ఇచ్చాయి. నాకు గది లేనంతకాలం ఆయన ఉంటాడు.

నేను అనుకున్నది అంతే. అనుకున్నాక దాన్ని ఇంకోసారి తిప్పి చూడలేదు.

పొద్దున దేవేంద్ర ల్యాప్‌టాప్ పట్టుకొని ఇంటికే వచ్చాడు. తిట్లు తిన్నవాడు కదా, రాత్రంతా వెతికి గదులు ఏరి పెట్టుకున్నాడు. గదికీ టిక్కెట్టుకూ తామే ఇస్తామని ప్రదర్శనవాళ్లు చెప్పారు. నాకు నచ్చింది చెబితే చాలు.

"ఇది చూడక్కా. ఓడ. ఓడలోనే గదులు. కిటికీ తెరిస్తే కింద నీళ్లు."

"నీళ్లమీద ఎవురన్నా పండుకుంటారా? వద్దు."

"సరే. ఇదో, ఇది బలే ఉండాది. ముందర జైలంట. ఇప్పుడు లాడ్జి చేసినారు. చూడు, ఊచలు గూడ అట్లే ఉన్నాయి."

"నేనేం తప్పు జేసినానని జైల్లో పండుకోవాల?"

"దుడ్లిచ్చి జైలుకు పోతారంటక్కా ఆడ. మనూర్లో ఊరికేనే పంపిస్తారు" అని తనే నవ్వి, నా ముఖం చూసి ఆపేశాడు. "ఇదైతే?"

అది నేల కింది గది. కిటికీ లేదు. తర్వాతది పదహారు మంది పడుకునే గది, మంచం మీద మంచం, ఆడా మగా ఒకటే. ఈ నాలుగూ నిజంగానే నాకు పనికిరానివి. వద్దన్నప్పుడు నాలో తప్పు లేదు. ఐదోది బాగుంది. ఒక ముసలామె ఇంట్లో మేడ మీద గది. వంట చేసుకోవచ్చు. ఆస్పత్రికి ఒకే బస్సు. కిటికీలో తెల్లపూల కుండీ. దేవేంద్ర నా నోటివైపు చూస్తున్నాడు.

"ఆ మంచం తల ఎటుండాది?" అన్నాను.

"తలా?"

"ఉత్తరానికి తల పెట్టి నేను పండుకోను."

పాపం, వాడు దాన్నికూడా పట్టుకున్నాడు. మ్యాపు తెరిచి, ఆ వీధి ఎటు పోతుందో చూసి, ఇంటి బొమ్మను అడ్డంగా నిలువుగా తిప్పి, ఫోనులో దిక్సూచి పెట్టి, చివరికి మా ఇంటి నడవలో నిలబడి చేతులు చాచి లెక్క వేసుకున్నాడు. "ఉత్తరమేక్కా" అని నీరసంగా చెప్పాడు. "మంచం అటుపక్కకు జరుపుకుంటే?"

"ఒకరింట్లో మంచాలు జరిపేదానికి నేనెవురు?"

ఆ రోజు పోయింది. తర్వాత రోజు ఇంకో నాలుగు చూపించాడు. ఒకటి మెట్లెక్కువ అన్నాను. ఒకదాని కింద బారు ఉంది అన్నాను. ఒకటి ఆస్పత్రికి మరీ దూరం. ఇంకొకటి మరీ దగ్గర. కిటికీలోంచి ఆస్పత్రి గోడ కనిపిస్తుంది, నాకు నిద్ర పట్టదు అన్నాను. వాడు ల్యాప్‌టాప్ మూసి నా వైపు చూశాడు.

"మొన్న సాప పరుసుకోని ఆస్పత్రిలోనే ఉంటానంటివి కదక్కా."

నేను లేచి నీళ్ల ట్యాంకరు వచ్చిందేమో చూసే నెపంతో బయటికి పోయాను. వీధిలో బిందెలు వరసగా ఎండలో ఉన్నాయి, మనుషులు మాత్రం నీడ కోసం గోడలకు ఆనుకొని ఉన్నారు. పక్కింటి మల్లీశ్వరి నన్ను చూసి, "గది దొరికిందామ్మే?" అంది. ఊరందరికీ అదే మాట. నా మొగుడు ఎట్లున్నాడని అడగడం మానేసి గది దొరికిందా అని అడగడం మొదలుపెట్టారు. వాళ్లకు తెలియకుండానే రెండూ ఒకటే అడుగుతున్నారు.

బెంగళూరులో ఇచ్చిన టైము వచ్చింది. నా చేతిలో గది కాగితం లేదు. పోయింది. మళ్లీ టైము తీసుకుంటే ఇంకో మూడు రోజులు. ఆ సాయంత్రం శ్రీరంగప్ప బావ వచ్చి గడపలోనే నిలబడ్డాడు.

"ఏమమ్మా, పది దినాలుండే గదికి వాస్తు చూస్తాండావంట? పాలు పొంగిస్తావా యేం? అయ్యోర్ని పిలిపించాల్నా?"

"సరైనది దొరకలేదు బావా."

"నా తమ్ముడు ఆడ ఒంటిగా పడున్నాడు. నీకు కిటికీ కావాల, మెట్లొద్దు, బారొద్దు. సిగ్గుండల్ల మనిషికి. నాకు పాసుపోర్టు ఉండి ఉంటే ఈపాటికి పోయి వచ్చేవాణ్ని."

పోయి ఏం చేసి వచ్చేవాడో బావకు తెలియదు. ప్రణీత్ చెప్పిన మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఆయన బాగున్నాడా అంటే బాగున్నాడన్నాను. తిట్లన్నీ తల వంచి తీసుకున్నాను. ఒక్కో తిట్టుకు ఆయనకు ఒక పూట ఊపిరి వచ్చినట్టే లెక్క.

బావ పోయాక అత్తను తిప్పే వేళయింది. దిండు తీసి, ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి నడుము కింద పెట్టి మెల్లగా గోడవైపుకు తిప్పాను. ఆమె మూలిగి, గోడకు ముఖం పెట్టుకొనే మాట్లాడింది.

"ఏమ్మే జోతీ. నువ్వు గది ఎతకల్లేదు."

నేను నూనె గిన్నె దగ్గరికి లాక్కున్నాను.

"ఆ పిల్లోడు చెప్పింది నాకూ ఇనపడింది. నా తుంటి ఇరిగింది గాని చెవులు ఇరగలేదు. నువ్వు పోతే వాణ్ని ఆపేస్తారు. నువ్వు పోకుంటే ఉంచుతారు. అంతే గదా?"

"అత్తా..."

"నేను కన్నా వాణ్ని. నాకు లేదా ఉండాలని? నువ్వు వాస్తు అంటాంటే నేనూ నోరు మూసుకోనుంటి. ఇంకొక దినం, ఇంకొక దినం అని నేనూ లెక్కబెట్టుకుంటి." ఆమె చెయ్యి వెనక్కి పెట్టి వీపు తడుముకుంది. "వీపు చూడు. ఎట్లుండాది?"

వీపు మీద చేయి పెట్టి చూశాను. "బాగుండాది. ఎర్రగా గూడ లేదు."

"ఎందుకు లేదు? నువ్వు పొద్దున ఒకతూరి, మాపుకు ఒకతూరి తిప్పుతాండావు. నూనె పూస్తాండావు. ఒకపూట నువ్వు ఆలీశమైతే నాకు ఆ సోట మంట లేస్తాది. నిప్పుల మీద పండుకున్నట్ల ఉంటాది. నేను అరుస్తా. నువ్వు ఉరికొస్తావు. వాడు అరవలేడు. వాణ్ని ఎవురు తిప్పుతారు? ఇన్ని దినాలాయ, ఎవురు తిప్పుతాండారు చెప్పు."

"ఆస్పత్రోళ్లు చూసుకుంటారత్తా."

"చూసుకుంటారులే. జీతానికి చూసేది చూసుకుంటారు." ఆమె ఇంకాస్త గోడకు జరిగింది. "వాడు నీ గది కోసం కాసుకోనుండాడు. పోయి నోట్లో ఇన్ని నీళ్లు పొయ్యి. పో."

ఆమె ఏడవలేదు. నేను కూడా ఏడవలేదు. నూనె గిన్నె లోపల పెట్టి, చేతులు కడుక్కొని, దేవేంద్రకు ఫోను చేశాను.

"ఆయన దిగిన గది ఏదో ప్రణీత్‌ను అడుగు. రెండు మంచాలుంటాయి. అది ఖాళీగుంటే అదే తీసుకో."

"దాని కిటికీ ఎటుంటాదో..." అని మొదలుపెట్టాడు దేవేంద్ర.

"ఎటన్నా ఉండనీ."

అది ఖాళీగానే ఉంది. అర్ధగంటలో కాగితం వచ్చింది. ఇన్ని రోజులు వెతికించిన నేను, దేవేంద్ర తెచ్చిన ఆ కాగితం వైపు చూడలేకపోయాను.

ఈసారి కౌంటరులో అదే అమ్మాయి ఉంది. నన్ను గుర్తుపట్టింది. అడ్రసు చూసి తల ఊపింది. వీసా నాలుగు రోజులకు వచ్చింది. అత్తను మల్లీశ్వరికి అప్పగించాను. ఎన్నిసార్లు తిప్పాలో, చెయ్యి ఎక్కడ పెట్టాలో చూపించాను. అత్త తన తలగడ పక్కనున్న చెంబులోంచి చిన్న మందుసీసాలోకి నీళ్లు పోయించి మూత గట్టిగా బిగించమంది.

"గంగ కాదు, ఏం కాదు. మన బిందె నీళ్లే. వాడు తాగి పెరిగినవి."

విమానం సంగతి నాకేమీ గుర్తు లేదు. దిగాక ప్రణీత్ నా పెట్టె అందుకున్నాడు. ఫోనులో విన్న గొంతుకు ఆ ముఖం చాలా చిన్నది. "ముందు గదికి పోదామా అమ్మా, కాస్త స్నానం చేసి..." అన్నాడు. ఆస్పత్రికే అన్నాను.

గాజు తలుపుల అవతల ఆయన ఉన్నాడు. గడ్డం గీసి ఉంది. జుట్టు దువ్వి ఉంది. మనిషి ఒళ్లు ఉబ్బి, వేళ్లు లావెక్కి, నాడె పట్టే చెయ్యి మాదిరి లేదు. ఛాతీ మాత్రం మగ్గం ఆడినట్టు లెక్కగా పైకీ కిందికీ పోతోంది. పేరు పెట్టి పిలిచాను. పెండ్లయ్యాక ఎప్పుడూ పిలవలేదు. అక్కడ నన్ను తప్పు పట్టేవాళ్లు ఎవరూ లేరు.

కాసేపటికి ఇద్దరు నర్సులు వచ్చారు. ఆయనను పక్కకు తిప్పే వేళంట. రెండు గంటలకు ఒకసారి తిప్పుతారంట, రాత్రీ పగలూ. నన్ను బయటికి పొమ్మనలేదు. ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి నడుము కింద. నేను తిప్పినట్టే తిప్పారు. నడుము కింద కట్టు ఉంది. దాన్ని మార్చడానికి తీశారు. నేను చూశాను.

"ఎంత జాగ్రత్తగా చూసినా కొందరికి ఈ పడకపుండ్లు వస్తాయంట అమ్మా" అని ప్రణీత్ మెల్లగా చెప్పాడు. "పది పన్నెండు రోజుల కిందట మొదలైందంట."

నేను లెక్క వేసుకున్నాను. వేసుకోకుండా ఉండలేకపోయాను. ముసలామె ఇంటి మేడగదిని, ఉత్తరపు తలను, బారును, మెట్లను నేను వద్దన్న రోజులు అవి. నేను ఆయనకు ఇచ్చాననుకున్న రోజులన్నీ అక్కడ, చెయ్యంత వెడల్పున, ఉన్నాయి.

సాయంత్రమైంది. గదికి పోదామని ప్రణీత్ లేచాడు. అంతలో నర్సు ఒక మడత మంచం తోసుకొచ్చి ఆయన పక్కనే వేసింది. దిండు, దుప్పటి పెట్టింది.

"దగ్గరివాళ్లు ఇక్కడే పడుకోవచ్చంట అమ్మా. మీ ఇష్టం అంటోంది."

నాకు నవ్వు వచ్చింది. ప్రణీత్ భయపడినట్టు చూశాడు. దేవేంద్ర గడిలో కొట్టిన మొదటి జవాబు సంగతి అతనికి చెప్పలేదు. ఆ రాత్రి, మరుసటి రాత్రి అక్కడే ఉన్నాను. నర్సులు వచ్చిన ప్రతిసారీ లేచి నేను కూడా ఒక చెయ్యి వేశాను. రెండోసారికి వాళ్లు నాకు చోటు వదిలి నిలబడ్డారు.

మూడో రోజు పొద్దున డాక్టరమ్మ వచ్చి కుర్చీ లాక్కొని నా ఎదురుగా కూర్చుంది. ఆమె అడిగింది ప్రణీత్ చెప్పలేక చెప్పలేక చెప్పాడు. సరే అన్నాను. మందుసీసా తీశాను. ప్రణీత్ ఏదో వివరించాడు. నర్సు స్పాంజి ముక్క ఉన్న పుల్ల ఒకటి ఇచ్చి, ఎట్లా తడపాలో తన చేతి మీద చూపించింది. మా బిందె నీళ్లతో ఆయన పెదవులు, నాలుక తడిపాను. మా ఊరి బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఇంటి నీళ్లని ఆ నాలుకకు తెలిసిందో లేదో.

మిషను ఆపాక ఆయన పదకొండు నిమిషాలు ఉన్నాడు. నేను కుడిపక్కన కూర్చున్నాను. నా చోటు అదే.

ఆయనను పెట్టెలో పెట్టి విమానం ఎక్కించే కాగితాలకు రెండు రోజులు పడుతుందన్నారు. అప్పుడు నాకు ఆ గది అవసరమైంది. ప్రణీత్ నన్ను తీసుకుపోయి తలుపు తెరిచి, ఏదైనా కావాలంటే ఫోను చేయమని చెప్పి, పోలేక పోలేక పోయాడు.

ఫోనులో చూసిన గదే. బయట నీళ్లు ఎండకు తళతళలాడుతున్నాయి. రెండు మంచాల దుప్పట్లు మార్చి, ఒకేమాదిరి మడతలు పెట్టి ఉంచారు. సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదు. ఆయన సంచి నా చేతిలో ఉంది. ఆస్పత్రిలో ఇచ్చారు. అందులో రెండు చొక్కాలు, ఒక లుంగీ, అత్తకని కొన్న ఊలు మేజోళ్లు.

సంచి నేల మీద పెట్టాను. తలుపు పక్కనున్న మంచం మీద పడుకున్నాను. కిటికీ పక్కది అట్లాగే ఉంచాను. పోయే రోజు వరకు దానిమీద ఏమీ పెట్టలేదు.